జోడు తిండి

ఆ భవనంలో లిఫ్టు మూడో అంతస్తు దాకానే వెళ్తుంది. ఎలుకల గది నాలుగో అంతస్తులో ఉంది. ఆ చివరి మెట్లు ఎక్కి, చెప్పులు మార్చుకుని, నీలం కోటు తొడుక్కునేసరికి పెద్దక్కకు ఊపిరి అందేది కాదు. గుమ్మం పక్క గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. లోపల పరిశోధన చేసుకునే పిల్లలు ఆ రొప్పు విని, "ఇంజను వచ్చింది, ఇక స్టేషను తెరవచ్చు" అనుకునేవాళ్ళు. ఆమెకు వినబడేలాగే అనుకునేవాళ్ళు.

వాళ్ళకన్నా ఆమె వయసులో పెద్దదేం కాదు. ఒంటిని చూసి పెట్టిన పేరది. ఇంట్లో పేరు ఇంకోటి ఉంది, డ్రమ్ము. రెండింటిలో పెద్దక్కే నయమనుకునేది ఆమె. అందులో కనీసం చుట్టరికం ఉంది.

పని చెప్పుకోదగ్గదేం కాదు. ప్లాస్టిక్ డబ్బాల్లో ఉండే తెల్ల ఎలుకలకు రంపంపొట్టు మార్చాలి, నీళ్ళ సీసాలు నింపాలి, తిండి తూచి పెట్టాలి, మిగిలింది తూచి చెప్పాలి. ఆ వాసనకు ఎవరూ నిలవక ఆమెకు దొరికిన ఉద్యోగమది. ఆమె నిలిచింది. గాలి మిషను రోజంతా ఒకే రాగం తీస్తూ ఉండేది. మధ్యాహ్నం రెండు అరల మధ్య స్టూలు వేసుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని అన్నం తినేది. ముద్ద ఎంత కలుపుతోంది, ఎన్నోసారి వడ్డించుకుంటోంది అని చూసేవాళ్ళు అక్కడ లేరు. ఈ లోకంలో ఆమె ఎవరి కళ్ళూ పడకుండా కడుపు నిండా తినగలిగిన చోటు అదొక్కటే. ఆమె కోరుకున్నదీ అంతే. సన్నబడాలని కూడా కాదు, ఎవరూ చూడకుండా తినాలని.

ఆ ఏడాది అక్కడి పరిశోధనలు నడిపించే పెద్ద సార్ కొత్త పని మొదలుపెట్టాడు. చైనావాళ్ళు ఎప్పటినుంచో వాడే కషాయం ఒకటి, ఎండిన తామరాకు, ఏదో పసుపుపచ్చటి వేరు, పుల్లటి పళ్ళ ముక్కలు కలిపి కాచేది, లావును తగ్గిస్తుందంటారు. తగ్గిస్తే ఎలా తగ్గిస్తుంది, కణం లోపల ఏం జరుగుతుంది అన్నది ఆయనకు కావాలి. పని చేసేది కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి. నాలుగేళ్ళుగా డాక్టరేట్ డిగ్రీ కోసం అక్కడే పడి ఉంది. తిండి అరల ముందు నిలబడి ఆ పిల్లే పెద్దక్కకు వివరించింది.

"కణం అంటే ఒక ఇల్లనుకోండి పెద్దక్కా. ఆ ఇంట్లో ఒక కాపలావాడుంటాడు. సరుకులు నిండుకుంటున్నాయంటే లేచి కేకేస్తాడు, ఇక దాచింది చాలు, ఉన్నది తీసి కాల్చండీ అని. ఆ కేకని ఒకడి నుంచి ఇంకొకడు అందుకుంటూ లోపలిదాకా చేరవేస్తారు. లావుపాటి ఒంట్లో సరుకు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కదా, వాడు గుర్రుపెట్టి నిద్రపోతుంటాడు."

"ఈ కషాయం వాణ్ణి లేపుద్దా మేడం?"

"లేపుతుందని పెద్ద సార్ నమ్మకం. చూడాలి."

మూడు వరసలు పెట్టారు. అన్నిటికీ ఒకటే తిండి. పంది కొవ్వు, పాలపొడి, పంచదార కలిపి ఒత్తిన గులాబీ రంగు బిళ్ళలు. చేత్తో పట్టుకుంటే కరిగిపోతాయని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళు. మొదటి వరసకు తిన్నంత పెట్టడమే. రెండో వరసకు తిన్నంత తిండీ, రోజూ పొద్దున గొంతులోకి సన్నటి గొట్టం దింపి కషాయం. మూడో వరసకు కషాయం లేదు.

"మందే లేకపోతే మరి ఇవెందుకు మేడం?"

"అదే అసలు కిటుకు. కషాయం పడ్డాక రెండో వరస సరిగ్గా తినడం లేదు, చూశారుగా. వికారమో ఏమో. ఆకలి వేసినా కాపలావాడు లేస్తాడు. రేపు అవి చిక్కిపోతే, వాణ్ణి లేపింది మందా, ఆకలా అని అడుగుతారు. అందుకని రెండో వరస ఇవాళ ఎంత తింటే మూడో వరసకు రేపు అంతే పెట్టాలి. ఒక్క గింజ ఎక్కువ కాకూడదు. జోడు తిండి అంటాం. ఇవి కూడా వాటిలాగే చిక్కితే మందు దండగ, అంతా ఆకలే. ఇవి లావుగా ఉండి అవి చిక్కితే, మందు మందే."

పెద్దక్కకు ఇది బాగా నచ్చింది. చదువుకున్నవాళ్ళ బుర్రలు ఎలా పనిచేస్తాయో అనుకుంది. ఆ మెచ్చుకోలే ఆమె కొంప ముంచింది.

ఇంట్లో ఆమె మాట్లాడటం తక్కువ. బల్ల దగ్గర అందరూ కూర్చున్నప్పుడు ఆమె తల దించుకుని తినేది. తనను చూసి నవ్వే ఈ మనుషులు ఒక్కసారైనా తను చెప్పింది విని నవ్వితే బాగుండునని ఎప్పుడూ ఆశ. ఆ రాత్రి భోజనాల దగ్గర నోరు విప్పింది. కాపలావాడి సంగతీ, జోడు తిండి సంగతీ చెప్పింది, ఎలుకలు ఖాళీ తొట్టిని ఎలా నాకుతాయో మూతి ముందుకు చాచి చేసి మరీ చూపించింది. మొగుడు నవ్వాడు. మరిది పెళ్ళాం నవ్వింది. ఆ పిల్ల పుల్లలా ఉండేది, చీపురు పక్కన నిలబడితే ఏది ఏదో అనిపించేంత.

అత్తగారు మాత్రం నవ్వలేదు. గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"అంటే పక్కది తిన్నంతే దీనికీ పెడతారా?"

"అవునత్తయ్యా."

"అందరూ పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళేనా?"

"ఆ."

అత్తగారు చిన్నకోడలి కంచం వైపు చూసింది, పెద్దకోడలి కంచం వైపు చూసింది. గరిటెలో అన్నం మళ్ళీ గిన్నెలోకి వంచేసింది.

మర్నాడు మొగుడు చిన్న తూకం మిషను కొనుక్కొచ్చాడు. ఇక ఆ ఇంట్లో వరస ఏమిటంటే, ముందు చిన్నకోడలు తినాలి. ఆమె లేచాక, ఆమె తిన్నంత తూచి పెద్దకోడలికి వడ్డిస్తారు. మధ్యాహ్నం గిన్నె కూడా మిషను మీదికెక్కి దిగాకే సంచిలోకి వెళ్ళేది.

"అత్తయ్యా, అవి ఎలుకలు," అంది పెద్దక్క.

"నువ్వు ఎలకంత అయ్యాక ఆపేద్దాంలే."

"అమ్మ ఏమన్నా సొంతంగా కనిపెట్టిందా? మీ ఆఫీసులో చేస్తున్నదేగా," అన్నాడు మొగుడు. "నిన్ను దింపి వచ్చేసరికి బండి వెనక టైరు ఏడుస్తోంది. దాని ఉసురు నాకెందుకు?"

చిన్నకోడలు మొదట్లో ఎప్పటిలాగే తిన్నది. తర్వాత తన చేతిలో ఏముందో ఆ పిల్లకు తెలిసొచ్చింది. ఒక పూట సగం తిని కంచం జరిపింది. జరుపుతూ పెద్దక్క మొహంలోకి చూసింది. "ఎందుకో ఈ పూట ఆకలిగా లేదత్తయ్యా." పెద్దక్కకు ఆ సగమే వచ్చింది. ఇంకో పూట నాలుగు మెతుకులు కెలికి లేచింది. "అయ్యో అక్కా, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయా? పోనీలే, నీకు అలవాటైనవేగా." పొద్దున్నే చిన్నకోడలి గది ఊడ్చేది పెద్దక్కే. మంచం కింద బిస్కెట్ల కవర్లు, చాక్లెట్ కాగితాలు చీపురుకు తగిలేవి. ఎత్తి చెత్తబుట్టలో వేసేది. చెబితే ఎవరు నమ్ముతారు? డ్రమ్ము తిని పుల్ల మీదికి తోస్తోందంటారు.

ఎలుకల గదిలో ఇప్పుడు ఆమె గిన్నె రెండు నిమిషాల్లో అయిపోయేది. అయిపోయాక మూడో వరస ముందు కూర్చునేది. పొద్దున పెట్టిన బిళ్ళ ముక్కలు అవి ఎప్పుడో తినేసి ఉండేవి. ఖాళీ తొట్టిని నాకేవి, డబ్బా మూతకున్న ఊచల్ని కొరికేవి, చేతి తొడుగులో వేలు కనబడితే వాసన చూసి, తిండి కాదని తెలిసినా వదిలేవి కావు. వాటిలో చెవి చిరిగిన ఎలుక ఒకటుంది. అది వెనక కాళ్ళ మీద లేచి, ముందు చేతులతో ఊచ పట్టుకుని, తలుపు వైపే చూస్తూ నిలబడేది.

ఒక సాయంత్రం గదికి తాళం వేసే ముందు పెద్దక్క ఫ్రిజ్ తెరిచి గులాబీ బిళ్ళ ఒకటి తీసి నోట్లో వేసుకుంది. వేసుకుందని వేసుకున్నాకే తెలిసింది. చల్లటి వెన్నలా కరిగింది, తర్వాత తీపి, తర్వాత ఏదో పిండి. బాగానే ఉంది. రెండోది కూడా వేసుకుంది. మూడోది తీసి వెనక్కి తిరిగేసరికి చెవి చిరిగిన ఎలుక ఊచ పట్టుకుని చూస్తోంది.

ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. చివరికి ఈ గదిలో కూడా ఒకరు చూడనే చూశారు. మూడోదాన్ని విరిచి సగం దాని తొట్టిలో వేసింది. దానికి పెట్టి పక్కదానికి పెట్టకుండా రావడం చేతకాలేదు. వరసంతా పెట్టింది. అప్పటినుంచి రోజూ అదే తంతు. పొద్దున మాత్రం లెక్కగా తూచి పెట్టేది, మేడం చెప్పినట్టే, ఒక్క గింజ ఎక్కువ కాకుండా. సాయంత్రం తాళం వేసే ముందు అందరికీ విందు, తనతో సహా. ఆ పనిలో ఆమెకు తప్పనిపించలేదు. ఆకలి తప్ప మరేం అనిపించలేదు.

చంపే రోజు వచ్చింది. గాజు పెట్టెలోకి గ్యాసు వదిలేవాళ్ళు, కాసేపట్లో అవి ఒరిగిపోయేవి. కళ్ళజోడమ్మాయి స్టీలు బల్ల మీద కోసి కొవ్వు తీసి తూచేది. పెద్దక్క పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడాలి. రెండో వరసలో కొవ్వు పల్చగా, వెతికితే గానీ దొరకలేదు. మూడో వరసలో చెవి చిరిగినదాన్ని కోసేసరికి తెల్లగా, మీగడలా పొంగింది.

"పెద్దక్కా, చూడండి, చూడండి!" ఆ పిల్ల గంతులేసింది. "అవి తిన్నంతే తిన్నాయి ఇవి. అవి చిక్కాయి, ఇవి చిక్కలేదు. ఆకలి కాదు, మందే!"

పెద్దక్క చూసింది. సాయంత్రాలు తను పెట్టిందంతా అక్కడే ఉంది. రవ్వంత కూడా పారేసుకోకుండా దాచుకుంది పిచ్చిది.

తర్వాత కాలేయాలు నూరి, మిషన్లలో పెట్టి, కాపలావాడు లేచాడా లేదా చూశారు. లేచినచోట ఫిల్ము మీద నల్లటి గీత పడుతుందట. రెండో వరసకు కాటుక దిద్దినట్టు పడింది. మూడో వరసకు చెరిపేసినట్టుంది. పెద్ద సార్ మిఠాయి తెప్పించాడు. పెద్దక్క చేతిలో ఒకటి పెడుతూ, "ఒక్కటే సుమా" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ వారమంతా ఆమెకు నిద్ర లేదు. చివరికి సీసాలు కడిగే చోట కళ్ళజోడమ్మాయి ఒంటరిగా దొరికితే చెప్పేసింది. ఆ పిల్ల కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"మీరు నాతో ఏం చెప్పలేదు."

"ఇప్పుడే చెప్పాను కదా మేడం, సాయంత్రం పూట..."

"పెద్దక్కా, ఇది బయటికొస్తే రేపటి నుంచి మీరు ఈ మెట్లెక్కరు. నా నాలుగేళ్ళూ గంగలో కలుస్తాయి. మీరేం చెప్పలేదు, నేనేం వినలేదు. ఆ సీసాలు త్వరగా కానివ్వండి."

కొన్నాళ్ళకు ఏదో కంపెనీవాళ్ళు వచ్చి ఆ కషాయాన్ని పొడి చేసి పొట్లాలు కట్టారు. ఇంకా అమ్మకానికి రాలేదు, వాడి చూడమని కొన్ని పెట్టెలు ఇచ్చారు. పెద్ద సార్ అందరి ముందూ, "ముందు మన పెద్దక్కకివ్వండయ్యా. ఆవిడ తగ్గితే కొండ కదిలినట్టే, వేరే ప్రచారం అక్కర్లేదు" అన్నాడు. పెట్టెను అక్కడే ఎక్కడైనా మరిచిపోదామనుకుంది ఆమె. కానీ పెద్ద సార్ దయగల మనిషి. గేటు దగ్గర బండి మీద ఉన్న ఆమె మొగుణ్ణి పలకరించి, స్వయంగా అతని చేతిలోనే పెట్టాడు.

రోజూ పొద్దున అత్తగారు గ్లాసుతో నిలబడేది.

"తాగు."

తాగేది.

"మింగావా? నోరు తెరువు. నాలిక ఎత్తు."

ఎత్తేది. గొట్టం తీశాక ఎలుకల గొంతు నిమిరి, దిగిందా లేదా అని చూడటం ఆమెకు తెలుసు. అత్తగారు నిమరలేదు, అంతే తేడా. ఆ చేదు సాయంత్రం దాకా నాలిక మొదట్లో కూర్చునేది. అన్నం వాసనే గిట్టేది కాదు. తూచి పెట్టిందే కంచంలో మిగిలిపోయేది.

"చూశార్రా, తిండి యావ తగ్గింది," అత్తగారు అందరికీ చెప్పేది. "కాపలావాడు లేచాడు."

"లేవడా మరి! ఇన్నాళ్ళూ వాడి మీద ఇదే కూర్చుంది కదా," అన్నాడు మొగుడు. చిన్నకోడలు పొలమారేదాకా నవ్వింది.

జాకెట్లు వదులయ్యాయి. చెంపలు జారాయి. మెట్లెక్కితే ఇప్పుడు రొప్పుతో పాటు కళ్ళకు చీకట్లు కమ్మేవి. పరిశోధన పిల్లలు మాత్రం, "పెద్దక్కా, మందు భలే పనిచేస్తోందండీ, మీరే సాక్ష్యం" అనేవాళ్ళు.

ఇంతలో ఎక్కడో ఇంకో పెద్దమనిషికి అనుమానం వచ్చిందట, అదే పని మళ్ళీ చేసి చూపించమన్నాడు. కొత్త ఎలుకలు వచ్చాయి. మళ్ళీ మూడు వరసలు, మళ్ళీ జోడు తిండి. మొదటి రోజు కళ్ళజోడమ్మాయి పెద్దక్కను పక్కకు పిలిచి, ఎటో చూస్తూ అంది.

"పోయినసారి వీటిని ఎలా చూసుకున్నారో ఈసారీ అలాగే చూసుకోండి."

"ఎలా మేడం?"

"అలాగే. సాయంత్రాలు." ఫ్రిజ్‌కు ఈమధ్యే వేసిన తాళం చెవి ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి."

ఆ సాయంత్రం పెద్దక్క తాళంచెవి పట్టుకుని మూడో వరస ముందు నిలబడింది. ఆమెకు లెక్క తెలుసు. పెడితే ఇవి లావవుతాయి, మందు గెలుస్తుంది, పొద్దున గ్లాసు తప్పదు. పెట్టకపోతే ఇవి చిక్కుతాయి, మందు పోతుంది, గ్లాసు పోతుంది. గ్లాసు పోతే కనీసం పెట్టింది నోటికి హితవుగా ఉంటుంది. డబ్బా లోంచి ఒకటి లేచి ఊచ పట్టుకుంది. దీని చెవి బాగానే ఉంది.

ఆమె తాళంచెవి కోటు జేబులో వేసుకుని లైటు ఆర్పింది.

మర్నాడూ అంతే. తనూ ఒక్క బిళ్ళ తినలేదు. తింటే పెట్టకుండా ఉండలేనని ఆమెకు తెలుసు. అవి ఊచలు కొరికేవి, తర్వాత ఒకదాని తోక ఒకటి కొరుక్కునేవి. మధ్యాహ్నం ఆమె స్టూలు అటు తిప్పుకుని, వాటికి వీపు పెట్టి కూర్చునేది. గాలి మిషను రొదలో కూడా ఆ కొరుకుడు వినబడేది. కొన్నాళ్ళకు వినబడటం మానేసింది. అవి కొరకడం మానలేదు, ఆమె వినడం మానింది.

మళ్ళీ స్టీలు బల్ల, మళ్ళీ పళ్ళెం. మూడో వరసను కోస్తే రెండో వరసలాగే ఉంది, వెతికితే గానీ కొవ్వు లేదు. ఒకటి కోసి, రెండోది కోసి, మూడోది కోసి, కళ్ళజోడమ్మాయి కత్తెర కింద పెట్టింది.

"మీరు పెట్టలేదు."

"ఒక్క గింజ ఎక్కువ కాకూడదన్నారు కదా మేడం."

ఆ పిల్ల దగ్గరికి జరిగింది. పక్కవాళ్ళు ఉన్నారని గొంతు తగ్గించింది. "అంత ఒళ్ళుంది, ఒక్క ముద్ద విదల్చడానికి చెయ్యి రాలేదా? రాక్షసి."

ఫిల్ము మీద ఈసారి రెండు వరసలకూ గీత ఒకేలా పడింది. మందు లేపినా వాడే, ఆకలి లేపినా వాడే. పెద్ద సార్ దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూసి బల్ల మీద పడేశాడు. పొట్లాల పెట్టెలు చెత్తబండి ఎక్కాయి. వాటిని కిందికి మోసింది పెద్దక్కే. దిగేటప్పుడు ఆమె కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. కళ్ళజోడమ్మాయి మెట్ల మీద ఎదురై మొహం తిప్పుకుంది. ఆ పిల్ల డిగ్రీ ఏమైందో పెద్దక్క అడగలేదు.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఆమె రెండోసారి నోరు విప్పింది.

"ఆ మందు ఉత్తదేనటత్తయ్యా. పెద్ద సారే తేల్చేశారు. పెట్టెలన్నీ పారేయించారు. రేపటి నుంచి తాగక్కర్లేదు."

అత్తగారి గరిటె గాల్లో ఆగింది. మొగుడు తల ఎత్తాడు.

"ఉత్తదైతే ఆ ఎలుకలు ఎలా చిక్కాయి? నువ్వెలా చిక్కావు?"

"మందు వల్ల కాదు. అది పడ్డాక తినవు కదా, అందుకని. మందు లేకుండా తిండి తగ్గించినా అంతే చిక్కాయి. అంతా..."

అంతా ఏమిటో ఆమె నాలిక చివరిదాకా వచ్చాక తెలిసింది. మింగేద్దామనుకుంది.

"అంతా ఆకలేనా?" అంది అత్తగారు.

అత్తగారి మొహం మెల్లగా వికసించింది.

"మరి ఆ ముక్క ముందే చెప్పరేం? పాపం, అనవసరంగా చేదు మింగావే ఇన్నాళ్ళూ."

లేచి తూకం మిషను తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద పెద్దకోడలి ఖాళీ కంచం పెట్టి, అంకెలు సున్నాకు వచ్చేదాకా ఆగింది. తర్వాత చిన్నకోడలి వైపు తిరిగింది.

"నువ్వు తినవే ముందు. నువ్వెంత తింటే అంత."

చిన్నకోడలు తన కంచం చూసుకుంది. పెద్దక్క మొహం చూసింది. ఒక వేలితో కంచాన్ని మెల్లగా బల్ల మధ్యకు నెట్టింది.

"నాకు ఇవాళ అస్సలు ఆకలి లేదత్తయ్యా."